లక్ష బండికి నలభై వేల రిపేరా?

పాత బండి ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినే ఉంటారు. మెకానిక్ రాసిచ్చిన ఎస్టిమేటు ఇంట్లో చూపించగానే ఎవరో ఒకరు "అసలు ఆ బండి ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది?" అంటారు, మనం లక్ష అటూ ఇటూ అంటాం, "లక్ష బండికి నలభై వేలు పెడతారా ఎవరైనా" అని అక్కడితో తీర్పు ఇచ్చేస్తారు. మా బావమరిదైతే ప్రతి పండక్కీ ఇదే పాట, "బావా, ఆ డొక్కు బండి ఇంకా ఎన్నాళ్ళు లాగుతావు, నెలకి పది వేలు కట్టుకుంటే కొత్తది ఇంటి ముందుంటుంది కదా" అని. నెలకి పది వేలంట, ఎంత తేలిగ్గా అనేస్తాడో.

మాది 2010 వేగన్ ఆర్. పెట్రోలు, 998 సీసీ, మూడు సిలిండర్ల కె10బి ఇంజను, వేగన్ ఆర్‌కి ఆ ఇంజను పెట్టిన మొదటి ఏడాది బండి. విజయవాడలో తిరుగుతుంది, అప్పుడప్పుడూ గుంటూరు, తెనాలి. దీనికి ఇన్నేళ్ళుగా పెట్టిన ఖర్చు, పక్కవాళ్ళ బండ్లకి వాళ్ళు పెట్టిన ఖర్చు చూశాక నేను గట్టిగా చెప్పేది ఒకటే: బండి అమ్మితే ఎంతొస్తుంది అన్నదానికీ రిపేరు చేయించాలా వద్దా అన్నదానికీ అసలు సంబంధమే లేదు. బోరు మోటారు కాలిపోతే వైండింగ్ చేయిస్తాం గానీ, పాత మోటారు తూకానికేస్తే ఎంతొస్తుందని లెక్క చూసి మానెయ్యం కదా. నీళ్ళు కావాలి, చేయిస్తాం. ఈ నలభై వేలు పెడితే ఇంకో మూడు నాలుగేళ్ళు బండి తిరుగుతుందా లేదా, అదే తిరుగుడు ఇంకో దారిలో తిరగాలంటే ఎంతవుతుంది, చూడాల్సింది ఇవి రెండే.

ఆ రెండో దారి ఖర్చు కూడా చూద్దాం, బావమరిది మాట మీదే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, అంతకుముందు 28 శాతం, పైన కొంచెం సెస్సు, కాబట్టి కొత్త బండి చవకైన మాట నిజమే. అయినా మధ్య రకం వేరియంట్ ఏదో ఒకటి తీసుకుని టాక్సు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి రోడ్డెక్కించేసరికి ఆరున్నర ఏడు లక్షలు అవుతుంది. రెండు లక్షలు చేతి నుంచి కట్టి ఐదు లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీకి ఐదేళ్ళు పెట్టుకుంటే, నెలకి 10,379 రూపాయలు. ఐదేళ్ళలో వడ్డీయే లక్షా ఇరవై రెండు వేల పైన. ఇది కనపడే ఖర్చు. కనపడనిది బండి విలువ పడిపోవడం. ఇన్సూరెన్సు వాళ్ళ పట్టిక తీసి చూడండి, ఆరు నెలలు దాటితే 15 శాతం కోత, ఏడాది దాటితే 20, నాలుగేళ్ళు దాటితే 50. ఆరు లక్షల షోరూమ్ రేటు అనుకుంటే ఐదో ఏడు వచ్చేసరికి ఆ పట్టిక ప్రకారం మూడు లక్షలు ఆవిరి. అంటే ఏడాదికి అరవై వేలు విలువ పోవడం, పాతిక వేల దాకా వడ్డీ, కలిపితే ఎనభై ఐదు వేలు, ఇంకా పెట్రోలు పొయ్యలేదు, సర్వీసు చేయించలేదు. మా బండి విలువ ఇంక పడటానికి పెద్దగా ఏం మిగల్లేదు, లక్షది ఐదేళ్ళకి అరవై వేలకి దిగినా ఏడాదికి ఎనిమిది వేలే. అంటే ఏడాదికి డెబ్భై ఐదు వేల లోపు ఎంత రిపేరు వచ్చినా నేను లాభంలోనే ఉన్నట్టు. డెబ్భై ఐదు వేల రిపేరు ఏడాదికేడాది రావాలంటే ఆ బండిని నిజంగా కావాలని పాడు చెయ్యాలి.

సరే, బండికి అసలు ఏం పోతాయి, ఎంతవుతుంది. ఇక్కడ రేట్లు విజయవాడ ఆటోనగర్లో, కంపెనీ సర్వీసు సెంటర్ కాని మామూలు మెకానిక్‌ల రేట్లు, మీ ఊళ్ళో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది కూలింగ్ గురించి. చిన్న పెట్రోలు ఇంజను దానంతట అది అరిగి చచ్చిపోవడం చాలా తక్కువ, ఎక్కువ ఇంజన్లని చంపేది వేడి. ఆ వేడికి కారణం దాదాపు ఎప్పుడూ చిల్లర సామానే. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడి ప్రెజరు పట్టదు, హోసు క్లిప్పు దగ్గర సన్నగా కారుతుంది, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక కూలెంటుని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మూసుకుపోయి తెరుచుకోదు, ఫ్యాను మోటారు ఒక్కోసారి తిరిగి ఒక్కోసారి తిరగదు. మూత రెండు వందలు, థర్మోస్టాట్ ఆరేడు వందలు, హోసు మూడు నాలుగు వందలు, వాటర్ పంపు అయినా పదిహేను వందల చుట్టూ. వీటిని వదిలేస్తే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోతుంది, హెడ్ దింపి ఫేసింగ్ చేయించి వాల్వులు కూర్చోబెట్టి గ్యాస్కెట్ సెట్టు, ఆయిలు, కూలెంటు అంతా కలిపి పన్నెండు నుంచి పద్దెనిమిది వేలు. అప్పటికీ ఆపకుండా ఎర్ర లైటుతోనే ఇంటిదాకా లాక్కొచ్చారా, బోరు, రింగులు, పిస్టన్లు, ఫుల్ ఇంజను పని, నలభై యాభై వేలు. రెండు వందల మూత దగ్గర మొదలైన కథ అది. మన దగ్గర ఇంకో దరిద్రం ఏంటంటే కూలెంటు తగ్గగానే బాటిల్ నీళ్ళో బోరు నీళ్ళో పోసేయడం. ఎప్పుడో ఒకసారి దారిలో తప్పక పోస్తే పర్లేదు, ఏళ్ళ తరబడి అదే పోస్తే ఆ నీళ్ళలో ఉప్పుకి లోపల అంతా తుప్పు, పాచి. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు (వేడి మీద మాత్రం చచ్చినా తియ్యొద్దు, మొహం కాలిపోతుంది) మూత తీసి లోపల అంచు చుట్టూ వేలు తిప్పండి. వేలికి పచ్చగానో ఎర్రగానో, మీ కూలెంటు ఏ రంగో ఆ తడి అంటితే మంచిది. గోధుమ రంగు బురద అంటి, రుద్దితే ఇసకలాగా గరగర తగిలితే ఆ వేసవి లోపు ఫ్లష్ చేయించాలి. పాత బండి కొనడానికి వెళ్ళినా నేను ముందు చూసేది ఇదే, పెయింటు కాదు.

టైమింగ్ గురించి, అంటే ఇంజను వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే చైను లేదా బెల్టు గురించి ఒక్క మాట. మా కె10బికి చైను, కాబట్టి ఆయిలు టైముకి మారుస్తుంటే దాని జోలికి వెళ్ళక్కర్లేదు. 2010కి ముందు వచ్చిన 1061 సీసీ వేగన్ ఆర్, పాత 796 సీసీ ఆల్టో, శాంత్రో జింగ్, వీటికి బెల్టు. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లకి మార్చాల్సిందే, "బాగానే ఉంది కదా సార్" అనేదానికి అర్థం లేదు, బెల్టు పోయే ముందు చెప్పదు.

తర్వాత రబ్బరు. పదిహేనేళ్ళ బండిలో ఇనుము కంటే ముందు పోయేది రబ్బరు, కిలోమీటర్లు తిరక్కపోయినా ఎండకే పోతుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచేది) బుష్షులు, లింక్ రాడ్లు, స్ట్రట్ (ముందు షాకబ్జర్) మౌంటులు, డ్రైవ్ షాఫ్ట్ బూట్లు, ఇంజను మౌంటులు. అన్నీ వందల్లో, మహా అయితే వెయ్యి పదిహేను వందల్లో ఉండే సామాన్లే. కానీ ఇవి చేసే చప్పుడు చాలా భయంకరంగా ఉంటుంది, ఆ భయం మీదే చాలామంది బతుకుతున్నారు. రెండేళ్ళ కిందట మా బండి ముందు ఎడమ వైపు స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా టక్‌మని కొట్టేది, స్టీరింగ్ కూడా కొంచెం వదులుగా అనిపించింది. ఒక పెద్ద సర్వీసు సెంటర్లో చూపిస్తే ట్యాబ్‌లో టిక్కులు పెట్టుకుంటూ స్ట్రట్లు రెండూ, స్టీరింగ్ ర్యాకు అసెంబ్లీ, లోయర్ ఆర్ములు రెండూ, వీల్ బేరింగులు, అలైన్‌మెంటు, అన్నీ కలిపి నలభై ఆరు వేలు అన్నారు. బండి కింద దూరి చూసినవాడు ఎవడూ లేడు. అదే బండి ఆటోనగర్లో నాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు నన్నే నడపమని పక్కన కూర్చుని విన్నాడు, తర్వాత జాకీ ఎత్తి, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపాడు, కదల్లేదు, అంటే బేరింగు, బాల్ జాయింటు బాగానే ఉన్నాయి. పక్కలు పట్టుకుని ఊపాడు, అదీ గట్టిగానే ఉంది, అంటే ర్యాక్ ఎండు, టై రాడ్డు బాగున్నాయి. అప్పుడు ఒక పొడుగు లివర్ తీసుకుని లోయర్ ఆర్మ్ వెనక బుష్షు సందులో పెట్టి మెల్లగా తిప్పాడు. నల్లటి రబ్బరు మధ్యలో నోరు తెరిచినట్టు చీలింది, వేలు పట్టేంత సందు. "ఇదిగో అన్నా నీ నలభై ఆరు వేలు" అన్నాడు. బుష్షులు, రెండు లింక్ రాడ్లు, ప్రెస్సు మీద కొట్టినందుకు, లేబరు, అలైన్‌మెంటు అన్నీ కలిపి నాలుగు వేల చిల్లర. చప్పుడు పోయింది, స్టీరింగ్ కూడా గట్టిపడింది.

ఇక్కడే నా రెండో వాదన. పాత బండి ఖర్చు అని మనం అనుకునేదాంట్లో సగం బండి ఖర్చు కాదు, రోగం ఏంటో తెలుసుకోకుండా మందులేసిన ఖర్చు. "ఇది మార్చి చూద్దాం సార్, తగ్గకపోతే అది చూద్దాం" అనే మెకానిక్ ఎంత తక్కువ లేబరు తీసుకున్నా ఖరీదైనవాడే. పైపెచ్చు మనం కూడా అలాగే తయారయ్యాం. గంటసేపు వెతికి రెండు వందల సామాను పోయిందని చెప్పి ఐదొందలు అడిగితే "ఏం చేశావని ఐదొందలు" అంటాం, ఎనిమిది వేల సామాను మార్చి వెయ్యి లేబరు అడిగితే నోరు మూసుకుని ఇచ్చేస్తాం. వెతికినందుకు డబ్బులివ్వని ఊళ్ళో వెతికేవాడు ఎందుకుంటాడు? నేనైతే ముందే చెప్పేస్తాను, చూసినందుకు వేరే ఇస్తా, ఏం మార్చక్కర్లేదని చెప్పినా ఇస్తా అని. ఆ మాటతో పని తీరే మారిపోతుంది.

ఇంజను మౌంటులది కూడా ఇదే సంగతి. మూడు సిలిండర్ల ఇంజను సహజంగానే కొంచెం ఊగుతుంది, ఆ ఊపు లోపలికి రాకుండా ఆపేవి మౌంటులు. అవి పోతే ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డాష్‌బోర్డు, అద్దాలు అన్నీ గజగజలాడతాయి, దానికి జనం ప్లగ్గులు మారుస్తారు, థ్రాటిల్ బాడీ కడిగిస్తారు, ఇంజెక్టర్ క్లీనింగ్ అంటారు, చివరికి "ఇంజను అయిపోయింది, అమ్మేయ్" అనే మాట వస్తుంది. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆన్‌లో ఉంచి, ఒకరు గేరు వేసి బ్రేకు తొక్కిపట్టి క్లచ్ కొంచెం వదులుతుంటే ఇంకొకరు కాస్త పక్కన నిలబడి చూస్తే ఇంజను ఎంత ఎగురుతుందో కనపడిపోతుంది. మౌంటు ఒక్కోటి వెయ్యి అటూ ఇటూ.

క్లచ్ మాత్రం ఎప్పటికైనా తప్పని ఖర్చు. బెంజ్ సర్కిల్, ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీదే బండి పాకిస్తాం కదా. పెడల్ గట్టిపడితే అందరూ క్లచ్ ప్లేటు పోయిందంటారు, ముందు కేబులు చూడాలి, ఐదారు వందల కేబులు. నాలుగో గేరులో చిన్న ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది గానీ బండి వేగం అందుకోదు, అప్పుడు ప్లేటు. ప్లేటు, ప్రెజర్, బేరింగు సెట్టు నాలుగు వేల చుట్టూ, గేరుబాక్సు దింపి ఎక్కించిన లేబరు కలిపి ఆరేడు వేలు. గేరుబాక్సు ఎలాగూ దింపుతున్నారు కాబట్టి ఆయిల్ సీలు, రబ్బరు బూట్లు అప్పుడే చూసేసుకోవాలి, లేకపోతే సీలు కోసం మళ్ళీ అంత లేబరూ ఇవ్వాలి.

ఏసీ గురించి మాట్లాడితే నాకు కోపం వస్తుంది. ప్రతి ఏప్రిల్లోనూ "గ్యాస్ అయిపోయింది సార్" అని పదిహేను వందలో రెండు వేలో తీసుకుని నింపి పంపిస్తారు, మే చివరికి మళ్ళీ వేడిగాలి. ఏసీలో గ్యాసు పెట్రోలు కాదు ఖర్చయిపోవడానికి, అది మూసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది, బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కండెన్సర్‌కి రాయి తగిలి కావచ్చు, పైపు జాయింటు దగ్గర ఓ-రింగు కావచ్చు, పాత బండ్లలో ఎక్కువగా డాష్‌బోర్డు లోపలుండే కూలింగ్ కాయిల్. కాయిల్ మూడు నుంచి ఐదు వేలు, డాష్‌బోర్డు విప్పదీసి బిగించడానికి లేబరు, మళ్ళీ గ్యాసు, మొత్తం ఎనిమిది వేల దాకా. ఆ ఎనిమిది వేలు విని "ఈ ఏడాదికి గ్యాసు కొట్టించేద్దాంలే" అంటారు, నాలుగు వేసవుల్లో అదే ఎనిమిది వేలు గ్యాసుకే పోతుంది, పైగా గ్యాసుతో పాటు ఆయిలు కూడా కారి కంప్రెసర్ ఎండిపోతే అప్పుడు పదిహేను వేలకి తక్కువ కాదు. గ్యాసు కొట్టేముందు ప్రెజరు పెట్టి లీకు చూడమనండి, చూడనంటే వేరే షాపుకి పోవడమే.

మిగతావి తొందరగా చెప్పేస్తా. బ్యాటరీ నాలుగు వేల చుట్టూ, మూడు నాలుగేళ్ళు. సెల్ఫ్ మోటారు, డైనమో, రెండూ చాలావరకు కార్బన్లు, బేరింగులు మార్చి రిపేరు చేసుకోవచ్చు, వెయ్యి రెండు వేల పని, ఎక్స్ఛేంజి పేరుతో వెంటనే కొత్తది అంటగడితే ఒప్పుకోవద్దు. బ్రేకుల దగ్గర మాత్రం బేరం ఆడొద్దు, వెనక చక్రాల్లో వీల్ సిలిండర్ కారుతుంటే రెండు వైపులా మార్చేయండి, మంచి కంపెనీ సామానే వెయ్యండి. టైర్లు అరగకపోయినా ఏళ్ళు చూడండి, పక్కన నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటుంది, 1418 అంటే 2018లో పద్నాలుగో వారం. ఇక ఎలుకలు. దీని మీద శాస్త్రం ఏం చెప్పినా మా వీధిలో పొగాకు కాడ బానెట్‌లో పెట్టనివాడు లేడు, వైరింగు కొరకడం ఆగినట్టు నాకైతే కనపళ్ళేదు, కానీ నేనూ పెడుతూనే ఉన్నా.

ఇప్పుడు కొత్తగా వచ్చింది పెట్రోల్లో ఇథనాల్ గొడవ. 2025కల్లా బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలే దాదాపు అంతటా. మా బండిలాంటివి దానికోసం చేసినవి కాదు. మైలేజీ తగ్గుదల పాత బండ్లలో 3 నుంచి 6 శాతం వరకూ ఉండొచ్చని పెట్రోలియం శాఖే ఒప్పుకుంది, కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మామూలుకంటే ముందు మార్చాల్సి రావచ్చని కూడా చెప్పింది. నాకు మైలేజీ కంటే ఆ రెండోదే ముఖ్యం అనిపిస్తుంది. ఇంజను దగ్గర పెట్రోలు గొట్టం రబ్బరు పగుళ్ళు వచ్చాయేమో సర్వీసుకి వెళ్ళినప్పుడల్లా చూపించుకోవాలి, వందల్లో పని, కానీ పెట్రోలు కారేది వేడి ఇంజను మీద. పొద్దున్న స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోలు వాసన వస్తే ఆ రోజే తీసుకెళ్ళాలి, ఆదివారం దాకా ఆగొద్దు.

"పదిహేనేళ్ళు దాటితే ఎలాగూ తిప్పనివ్వరు కదా" అనే మాట ఒకటి తిరుగుతోంది. అది ఢిల్లీ సంగతి, అక్కడ డీజిల్‌కి పదేళ్ళు, పెట్రోలుకి పదిహేనేళ్ళు అని ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్), సుప్రీంకోర్టు ఆర్డర్లు వచ్చాయి, దాని మీద 2025లో కూడా బోలెడంత రగడ జరిగింది. ఆంధ్రాలో, తెలంగాణలో ఆ నిషేధం లేదు. ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కార్లకి ఆ ఫీజు 5,000 చేశారు, అంతకుముందు 600 ఉండేది, ఆలస్యం చేస్తే నెలకి 500 చొప్పున పడుతుంది. బండికి ఇరవై ఏళ్ళు దాటితే 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో అది 10,000 అయింది. దాని మీద గ్రీన్ టాక్సు వేరే. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ వరకే అయితే వెయ్యి సీసీ లోపు బండికి 2,094, పైన 18 శాతం జీఎస్టీ, అంటే రెండు వేల ఐదొందల లోపు. అన్నీ కలిపినా కొత్త బండి రెండు నెలల కిస్తీకి రాదు.

అయితే ఈ లెక్క ఏ బండికైనా పనిచేస్తుందని అనను. పాత డీజిల్‌కి పనిచెయ్యదు, అక్కడ ఒక్క ఇంజెక్టరే పది వేలు దాటుతుంది, టర్బో అంటే ఇంక చెప్పక్కర్లేదు, ఎక్కువ తిరిగేవాళ్ళకైతేనే అది. తక్కువ అమ్ముడుపోయి కంపెనీయే ఊరొదిలి వెళ్ళిపోయిన బండ్లకీ పనిచెయ్యదు, హైదరాబాద్ పుత్లీబౌలీలో స్పేర్ పార్టుల షాపులన్నీ తిరిగినా సామాను దొరక్క ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క కోసం నెలంతా బండి షెడ్డులో పడి ఉంటుంది. వేగన్ ఆర్, ఆల్టో, స్విఫ్టు, శాంత్రో లాంటివి నిలబడేది అవి గొప్ప బండ్లని కాదు, ప్రతి మండల కేంద్రంలోనూ వాటి సామాను వేలాడుతూ ఉంటుంది, పని తెలిసినవాడు ఉంటాడు. రిపేరు బండి విలువలో సగం దాటితే వదిలించుకోవాలి అనే సూత్రం ఒకటి చాలామంది చెప్తుంటారు, అది గంట లేబరుకే మన బండి టైరంత ఖర్చయ్యే అమెరికా లాంటి చోట సరిపోయే లెక్క. అక్కడి మన తెలుగువాళ్ళు బ్రేకు ప్యాడ్లు వాళ్ళే మార్చుకుంటున్నారంటే సరదాకి కాదు.

నేను ఎక్కడ ఆగుతానో కూడా చెప్తా. మొదటిది తుప్పు. పైన డోరు అంచున కనపడేది కాదు, కింద. బ్యాటరీ ట్రే కింద, ముందు సస్పెన్షన్ బోల్టులు పట్టుకునే చోట, రన్నింగ్ బోర్డు లోపల, ఫ్లోరు. స్క్రూ డ్రైవర్ పెట్టి నొక్కితే లోపలికి దిగిందంటే టింకరింగ్‌లో రేకు అతికిస్తాడు, పెయింటు కొడతాడు, చూడ్డానికి బాగుంటుంది, గుద్దితే మాత్రం అది కాగితం. మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో తిరిగిన బండ్లు ఇంజను బ్రహ్మాండంగా ఉండగానే ఇలా పోవడం చూశాను. అప్పుడు ఇంక రూపాయి పెట్టను.

రెండోది భద్రత, దీనికి నా దగ్గర సమాధానం లేదు, వాదనా లేదు. మా బండిలో ఎయిర్ బ్యాగులు లేవు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు జామ్ కాకుండా చూసేది) లేదు. 2019లో ఏబీఎస్, డ్రైవరు ఎయిర్ బ్యాగు తప్పనిసరి చేశారు, 2022 నుంచి ముందు సీట్లు రెండింటికీ బ్యాగులు. ఏ మేస్త్రీ వాటిని తెచ్చి దీంట్లో బిగించలేడు, ఎన్ని వేలు పెట్టినా. ఊళ్ళో నలభై స్పీడులో తిరిగే బండికి అది ఒకలాగ, పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వంద కొట్టే బండికి ఇంకోలాగ. నా బావమరిది ఆ డొక్కు మాట మానేసి ఈ మాట అన్నప్పుడు మాత్రం నేను ఎదురు మాట్లాడలేదు. వాడు నెలకి నాలుగైదుసార్లు హైదరాబాద్ వెళ్ళొస్తాడు, వాడు కొత్తది కొనుక్కోవడం కరెక్టే. మేం హైదరాబాద్ వెళ్ళాలంటే రైలు, లేదంటే వాడి బండి. మా వేగన్ ఆర్ తెనాలి దాటి పెద్దగా వెళ్ళదు, వెళ్ళినా చీకటి పడకముందే ఇంటికొచ్చేస్తుంది.

ఆర్సీ రెన్యువల్ అయిపోయింది, 2030 దాకా ఉంది. ఈ ఏడాది చేయించాల్సిన పనుల్లో వెనక షాకబ్జర్లు రెండు, కుడి వైపు అద్దం పైకి కిందకీ దిగే కేబులు, ఇంకా ముందు టైర్లు మిగిలాయి, మొత్తం పద్నాలుగు పదిహేను వేలు అనుకుంటున్నా. కూలింగ్ కాయిల్ కిందటేడాదే మార్పించేశా కాబట్టి ఏప్రిల్లో గ్యాసు షాపు వాడి మొహం చూడక్కర్లేదు.